ఒకటో నంబరు టికెట్

పాట కచేరి టికెట్ ధర విని ఎవరైనా "ఇంతా?" అని నోరు తెరిస్తే నేను ఊరుకోలేను. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్తాను. ఆ ధర ఎట్లా పెరుగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఒకసారి నా చేతులతోనే పెంచాను. రెండు రూపాయలనుకున్న టికెట్‌ను ఏడు రూపాయలని అచ్చు వేసి, చివరికి అది కొన్నవాళ్లనే బయట నిలబెట్టాను. ఎనభైల చివర్లో జరిగింది. ఇప్పటికీ తలుచుకుంటే ముందు సిగ్గు, తర్వాత నవ్వు వస్తాయి.

మాది నల్లగొండ నుంచి బస్సులో గంటకు పైగా పట్టే చిన్న టౌను. బస్టాండు వెనక సందులో మా ప్రెస్సు. ప్రెస్సంటే ఒక రేకుల గది, కాలితో తొక్కే ఒక ట్రెడిల్ మిషను, సీసం అక్షరాల గూళ్లు, అంతే. బాపుకు, అంటే మా నాన్నకు, కంట్లో పొర వచ్చి చిన్న అక్షరాలు కనబడకుండా పోయాక కంపోజింగు నా చేతికి వచ్చింది. ఆయన తొక్కేవాడు, నేను అక్షరాలు పేర్చేదాన్ని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు, అప్పుడప్పుడూ సర్కసు టికెట్లు వేసేవాళ్లం. కొత్తవాళ్లు వచ్చి "మొగోళ్లెవరు లేరా?" అని అడిగితే నాకు ఒళ్లు మండేది. "మొగోళ్లు తొక్కుతరు, రాసేది నేనే, చెప్పుండ్రి" అనేదాన్ని. సగంమంది వెనక్కి పోయేవాళ్లు. మిగతా సగం నాకు చాలు.

మా సందు చివర బ్యాండు షాపు ఉండేది. దాని మాస్టరును ఊరంతా మాస్టర్‌సాబ్ అనేది, నేను చాచా అనేదాన్ని. క్లారినెట్ వాయిస్తాడు. భువనగిరి మొదలు జడ్చర్ల దాకా ఎక్కడ పెళ్లున్నా ఎర్ర కోటు వేసుకుని, బరాత్ ఊరేగింపు ముందు నడుస్తూ వాయించడమే ఆయన పని. ఒక ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక ఆయన షాపూ మా ప్రెస్సూ రెండూ ఈగలు తోలుకుంటున్న రోజుల్లో, దవడ మీద చెయ్యి పెట్టుకుని వచ్చాడు.

"బిడ్డా, నాకు టికెట్లు అచ్చుగొట్టియ్యాలె."

"ఏంది చాచా, సర్కస్ వెడ్తున్నవా?"

"కచేరి వెడ్తున్న. నాదే."

నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, నల్లగొండ దవాఖానలో పండ్ల డాక్టరు చూశాడని, ముందు పండ్లన్నీ ఊగుతున్నాయని, ఇంక నెల కూడా ఆగకుండా మొత్తం పీకాలన్నాడని చెప్పాడు. క్లారినెట్ వాయించేవాడు ఆ గొట్టం మొనను పై పండ్లతో అదిమి పట్టాలి. పండ్లు పోతే పట్టు పోతుంది. ఇది ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

"ముప్పై ఏండ్ల సంది వాయిస్తున్న. ఒక్క పాట గూడ సాంతం వాయించలే బిడ్డా. పల్లవి అయితది, చరణం ఎత్తుకుంట, అంతట్లనే ఎవడో ఒగడు వచ్చి 'మాస్టర్, ఇంకోటి కొట్టు' అంటడు. లేదంటే పెండ్లోళ్ల ఇల్లొస్తది. మీ చాచి అయితే సగం పాట గూడ ఇన్లే. నేను బరాత్‌ల ఉంట, ఆమె ఇంట్ల ఉంటది. పండ్లు పోకముందు ఒక్కసారి స్టేజీ మీద కూసోని సాంతం వాయించాలె. ఆమె కుర్చీల కూసోని ఇనాలె. గంతే."

ఆ మాటకు నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఆ సంగతి దాచుకోవడానికి తగవుకు దిగాను. "మరి టికెట్ ఎందుకు? ఊర్కె వెడ్తే జనం ఎక్కువొస్తరు గద?"

"ఊర్కె వచ్చినోడు ఊర్కెనే లేసిపోతడు. పైసలు వెట్టి కొన్నోడు మధ్యల లేవడు. సినిమా బాగలేకున్నా చివరిదాంక కూసుంటరా లేదా?"

ధర కూడా ఆయనే చెప్పాడు. రెండు రూపాయలు, సినిమా నేల టికెట్టంత. రిక్షా తొక్కేవాళ్లు కూడా రావాలి. లోపల మిషను పక్కన వింటున్న బాపు "పెడ్దాం భాయ్, నీ కచేరి జేసే పూచీ మా పోరిది" అన్నాడు. నన్ను అడగకుండానే అట్లా నన్ను ఇరికించాడు. మా బాపు ఎప్పుడూ అంతే.

ఊళ్లో షాదీఖానా ఉంది. ఆషాఢంలో ఖాళీగా ఉంటుంది కాబట్టి కిరాయి తగ్గించారు, నేను ఎగిరి గంతేశాను. తర్వాత కరెంటు వేరే అన్నారు. ఊడ్చే మనిషి వేరే అన్నారు. కుర్చీలు షాదీఖానావి కావు, టెంట్‌హౌస్ నుంచి రెండొందల ఇనుప కుర్చీలు కిరాయికి తేవాలి, బండి కిరాయి అదనం. మైక్‌సెట్ ఆయన చాచాకు పాత దోస్తు, సగం కిరాయికే ఒప్పుకున్నాడు, కానీ టికెట్ మీద తన షాపు పేరు చాచా పేరు కంటే పెద్దగా ఉండాలన్నాడు. నేను చాచా పేరునే పెద్దగా వేశాను. నెల రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

ఇక పర్మిషన్లు. ఆ ఆఫీసుల పేర్లు చెప్పను. మొదటి ఆఫీసులో సారు చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, ఒక్క పైసా ముట్టలేదు. "పైసలెందుకమ్మా, ఒక పది పాసులు పంపించు చాలు" అన్నాడు. పాసంటే ముందు వరుసలో టికెట్ లేకుండా కూర్చునే కాగితం. ఎంత మంచి మనిషి అనుకుంటూ తిరిగి వచ్చాను. ఈ మాట చుట్టుపక్కల ఆఫీసులకు నాకంటే ముందే చేరింది. వెళ్లిన ప్రతిచోటా చాయ్ ఇచ్చారు, పాసులు అడిగారు. మొత్తం యాభై అయ్యాయి. నేను గర్వంగా వచ్చి, నయాపైసా లంచం లేకుండా అన్ని పనులూ చేసుకొచ్చానని బాపుకు చెప్పాను.

బాపు కాసేపు మిషను తుడుచుకున్నాడు. "కుర్చీ మీద పాసోడు కూసున్నా గదే కిరాయి, టికెటోడు కూసున్నా గదే కిరాయి. మరి పాసోని కుర్చి పైసలు ఎవరు గట్టాలె?"

"ఎవరు?"

"ఎనక కూసున్నోడు."

ఆ ముక్క నాకు అంతవరకు తట్టలేదంటే నమ్మండి. లెక్కల్లో నేను మరీ అంత వీక్ కూడా కాదు. ముందు కూర్చునేవాళ్ల బరువు వెనక కూర్చునేవాళ్ల జేబు మీద పడుతుందని, అదీ ఎవరూ ఎవరినీ మోసం చేయకుండానే పడుతుందని, ఆ రోజు అర్థమైంది. పన్నుల ఆఫీసుకు పోయేసరికి ఇంకా బాగా అర్థమైంది. టికెట్ పుస్తకాల మీద అక్కడ ముద్ర పడాలి. అక్కడి సారు తనకు పంపాల్సిన పాసుల కోసం పదిమంది పేర్లు కాగితం మీద రాస్తూనే, "పాసులకు గూడ పన్ను పడుతదమ్మా" అన్నాడు.

"మీరు రాస్తున్నరు గద సార్, గా పాసులకు గూడనా?"

"రూల్ గంతే." ఆయన హాస్యమాడలేదు. నిజంగానే వేశాడు.

అన్నీ కూడితే రెండు రూపాయల టికెట్ ఏడు రూపాయలైంది. చాచాకు చెప్పడానికి రెండు రోజులు తప్పించుకు తిరిగాను. విన్నాక ఆయన కోప్పడలేదు. "నాట్లేసే ఆడమనిషికి ఒక దినం కూలి గద బిడ్డా" అన్నాడు. ఆ ఏడు రూపాయల్లో ఆయన తనకోసం ఒక్క పైసా వేసుకోలేదు. డోలక్ వాయించే ఆయనకూ, డ్రమ్ము పిల్లగాళ్లకూ ఇంత అని చెప్పాడు, తన పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఊపేశాడు. పాట వాయించేవాడికి తప్ప అందరికీ కిట్టుబాటయ్యే టికెట్ అది.

టికెట్లు బస్టాండు ముందు చాయ్ హోటల్లో అమ్మకానికి పెట్టాం. రెండో రోజుకే ఎవరో వచ్చి, హోటలాయన ఏడున్నర తీసుకుంటున్నాడని చెప్పారు. కొంగు బిగించి పోయాను. గల్లా పెట్టె ముందు నిలబడి, నలుగురూ వినేటట్టు అడిగాను. "టికెట్ మీద ఏడని రాసుంటే గా అర్ధరూపాయి ఏందన్నా?"

ఆయన తొణకలేదు. "టికెట్ అమ్మినందుకు చెల్లె. నా గల్లా కాడ మనిషి నిలవడ్తడు, చిల్లర అడుగుతడు, ఎన్నో వరుస, యాడ కుర్చి అని పావుగంట తింటడు. నా చాయ్ బేరం ఆగుతది. మరి నువ్వు నంబర్లు కొట్టినందుకు పైసలు తీస్కోలేదా?"

తీసుకున్నాను. కాగితానికి, కంపోజింగుకు, తొక్కినందుకు తీసుకున్నాను. అవి కాక టికెట్ మీద వరుస నంబరు కొట్టినందుకు వేరే, మధ్యలో చింపడానికి చిల్లుల గీత వేసినందుకు వేరే తీసుకున్నాను. ప్రెస్సులో అది మామూలే. బాపు కాలం నుంచి అట్లాగే రాస్తున్నాం. ఇంతకాలం ఈ ధర పెంచినవాళ్లెవరా అని ఊరంతా వెతికాను, నా గూట్లో నేను వెతకలేదు. హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లు నన్నే చూస్తున్నారు. తల దించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి బాపుకు చెప్తే, "కాయితం పైసలు ఉంచుకో, మిగిలింది ఇడిచిపెట్టు" అన్నాడు. అప్పటికే ముద్ర పడ్డ టికెట్ల ధర తగ్గించలేం కాబట్టి ఆ మిగిలింది చాచాకు వాటాగా వేశాం. అయినా నా మనసు కుదుటపడలేదు. ఇంకా ఎక్కడ మిగల్చగలనా అని చూస్తే పాసులు కనబడ్డాయి. వాటికి కొత్త అట్ట కొనడం ఎందుకు? ఆ వేసవిలో ఒక పెళ్లివాళ్లకు వేయగా మిగిలిన పసుపు కార్డులు, పైన బంగారు రంగు కలశం ఉన్నవి, గూట్లో పడి ఉన్నాయి. అక్షరాలు కూడా కొత్తగా పేర్చక్కర్లేదు. పెళ్లి కార్డు మ్యాటరు మేం విప్పేవాళ్లం కాదు, తాడు చుట్టి పక్కన పెట్టుకునేవాళ్లం, వరుడు వధువు పేర్లు, ముహూర్తం మారిస్తే ఇంకో పెళ్లికి పనికొస్తుందని. అందులోంచి వధూవరులను పీకేసి, క్లారినెట్ కచేరి అని పెట్టాను. ముహూర్తం తీసి ఆదివారం మూడు గంటలని పెట్టాను. షాదీఖానా ఎట్లాగూ ఉండనే ఉంది. యాభై పాసులు అరపూటలో అయిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

టికెట్లు అమ్మకానికి పెట్టిన మొదటి రోజు, హోటలాయన ఇంకా పుస్తకం విప్పకముందే, చాచా వెళ్లి వరుసలో ముందు నిలబడ్డాడట. ఒకటో నంబరు టికెట్ కొన్నాడు. అదీ ఏడున్నర ఇచ్చి. నాకు తెలిసి బాధపడ్డాను. "చాచికి పాస్ రాసియ్యకపోదునా?" అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పాస్ వద్దు బిడ్డా. పాసుల కూసున్నోళ్లు నాకు అక్కెరలే. ఆమెకు టికెట్ ఉండాలె."

పాసుల వరుసలు మూడు పోగా, నాలుగో వరుసలో దారి పక్క కుర్చీ ఒకటో నంబరు. నేనే సుద్దముక్కతో ఆ కుర్చీ వెనక నంబరు వేశాను.

ఆదివారం వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది. షాదీఖానాకు రెండు దార్లు. పెద్ద గేటు పాసులకు, హాలు వెనక మూలనున్న పక్క తలుపు టికెట్లకు అని ఏర్పాటు. పెద్ద గేటు దగ్గర షాదీఖానా వాచ్‌మన్ ఉన్నాడు. పక్క తలుపు దగ్గర నేను. రెండున్నరకు తలుపు తీసి లోపలికి చూస్తే కుర్చీలన్నీ నిండిపోయాయి. పట్టుచీరలు, మల్లెపూలు, పాలడబ్బాలు, చంకల్లో పసిపిల్లలు. ఒకామె ఒళ్లో రంగు కాగితం చుట్టిన పెద్ద డబ్బా కూడా ఉంది.

బయట వానలో టికెట్లు పట్టుకుని తొంభైమంది దాకా ఉన్నారు. అందులో రిక్షావాళ్లున్నారు, బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు, చాచాతో పాతికేళ్లుగా పెళ్లిళ్లకు తిరిగిన వంటవాళ్లున్నారు. అందరికంటే ముందు చాచి ఉంది. కొత్త బురఖా వేసుకుంది. చేతిరుమాలు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన టికెట్ తీసి నాకిచ్చింది. నేను దాన్ని చింపలేదు. "ఒక్క నిమిషం చాచీ" అని లోపలికి పరుగెత్తాను.

ఒకటో నంబరు కుర్చీలో ఒక పెద్దావిడ మనవడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక సారు గారి అత్తగారట. "అమ్మా, ఈ కుర్చి టికెట్టోళ్లది, జర లేస్తరా?" అన్నాను. ఆమె నొచ్చుకుంది. సంచీలోంచి పాసు తీసి నా ముఖం ముందు పెట్టింది.

"చూడు బిడ్డా. అందర్ని రమ్మని మీరే పిలిచిన్రు, మీరే లెవ్వమంటున్రా?"

పసుపు కార్డు. పైన కలశం. కింద నా అక్షరాల్లో, ఈసారి నేను పేర్చని, తీసెయ్యడం మరిచిన చివరి వరుస: సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన. వందల కార్డుల్లో ఆ వరుసను చూసీ చూసీ నా కళ్లు దాన్ని చూడడం మానేశాయి. ఒక్కో పాసుకూ నలుగురైదుగురు వచ్చారు. వాచ్‌మన్ కార్డు చదివి, మర్యాదగా అందరినీ లోపలికి పంపాడు. ఆయన తప్పేం లేదు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. తలుపు దగ్గరికి తిరిగొచ్చి చాచికి ఏం చెప్పాలో తెలియక చేతులు పట్టుకున్నాను. ఆమె లోపలికి ఒకసారి చూసి, అంతా అర్థం చేసుకుంది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. నేను ఈడనే నిలవడ్త" అంది. ఆ మాట అనకుండా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో స్టేజీ మీద పాట మొదలైంది. చాచా ఎర్ర కోటు ఉతికించి, ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి కూర్చుని వాయిస్తున్నాడు. పల్లవి అవుతుండగా ఆయన కళ్లు నాలుగో వరుసలో దారి పక్క కుర్చీ మీదికి పోయాయి. అక్కడ మనవడికి బిస్కెట్ తినిపిస్తున్న పెద్దావిడ కనబడింది. ఆయన కళ్లు వరుసలన్నీ వెతికి వెతికి పక్క తలుపు దగ్గర ఆగాయి. వానచుక్కలు పడుతున్న బురఖాను చూశాడు. పాట ఆపేస్తాడని నేను భయపడ్డాను. ముప్పై ఏళ్లు వేరేవాళ్లు ఆపారు, ఇప్పుడు నా వల్ల ఆయనే ఆపుకుంటాడని.

ఆపలేదు. వాయిస్తూనే లేచాడు. వాయిస్తూనే మూడు మెట్లు దిగాడు. నడుస్తూ వాయించడం ఆయనకు కొత్తా? డోలక్ ఆయన అలవాటు కొద్దీ డోలక్ మెడకు తగిలించుకుని వెంట నడిచాడు, డ్రమ్ము పిల్లగాళ్లు కూడా లేచారు. మైకు స్టేజీ మీదే మిగిలిపోయింది. బరాత్ నడిచినట్టే నడిచి, కుర్చీల మధ్య దారిలోంచి పాసులవాళ్లందరినీ దాటి, తలుపు గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. ముఖం బయటికి, మా వైపు. చరణం ఎత్తుకున్నాడు. అక్కడ "ఇంకోటి కొట్టు" అనేవాడు ఎవడూ లేడు. తొంభైమంది తుంపరలో కదలకుండా నిలబడ్డారు. రెండో చరణం అయింది, మళ్లీ పల్లవికి వచ్చాడు, మెల్లగా దించి, ఇంక ఊపిరి లేదన్నంత సన్నగా చేసి ముగించాడు.

లోపల ఇనుప కుర్చీల చప్పుడు. తొంగి చూస్తే, అందరూ కుర్చీలు తిప్పుకుంటున్నారు. మొదటి వరుస ఇప్పుడు ఆఖరి వరుసైంది. ఆ అత్తగారు మనవడిని చంకనేసుకుని వచ్చి, "రాండ్రమ్మా, లోపలికి రాండ్రి, పిల్లల్ని ఒళ్లె కూసోవెట్టుకుంటం" అంది. వానలో ఉన్నవాళ్లు గోడల వెంట, మెట్ల మీద, సందుసందుకూ సర్దుకున్నారు. చాచి మాత్రం గడప దగ్గరే నిలబడింది. పాట అయినప్పుడు మొగుడితో ఆమె అన్న మాట నేను పక్కనుండి విన్నాను.

"పాట గింత పొడుగుంటదా? నేను నీ పాటలన్ని చిన్నయే అనుకున్న."

చాచా నవ్వితే ఊగే పండ్లన్నీ కనబడ్డాయి.

అయిపోయాక పెళ్లనుకుని రంగు కాగితం డబ్బా తెచ్చినామె ఇబ్బందిగా వధూవరుల కోసం వెతుక్కుంటుంటే, వాచ్‌మనే చాచానూ చాచినీ పక్కపక్కన నిలబెట్టాడు. ఆమె కూడా నవ్వేసి వాళ్లకే ఇచ్చింది. విప్పితే స్టీలు టిఫిన్ క్యారియర్. ఆ వారం నల్లగొండ దవాఖానలో పండ్లు పీకించుకుని ముఖం వాచి పడుకున్న చాచాకు చాచి జావ తీసుకుపోయింది దాంట్లోనే. టికెట్ కొన్నవాళ్లలో అడిగినవాళ్లకు నేను పైసలు తిరిగి ఇచ్చాను. అడిగింది ఇద్దరే.

చాచా ఇక వాయించడని ఊరు అనుకుంది. నేనూ అనుకున్నాను. కట్టుడు పండ్లు పెట్టించుకున్నాడు. గొట్టం జారేది, గాలి పక్కనుంచి పోయేది, సందంతా కీచుమని వినబడేది. సైకిల్ పంక్చర్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చి, గొట్టం మొన మీద అతికించి చూశాడు. ఒక ముక్క మందమైంది, ఇంకొకటి పలచనైంది. నెలల తరబడి అదే పని. వినలేక తలుపు వేసుకున్నవాళ్లున్నారు. నేను వేసుకోలేదు. ఒక రోజు కంపోజింగు చేస్తుంటే కీచుమనడం ఆగి, స్వరం తిన్నగా సాగింది. బాపు మిషను తొక్కడం ఆపి విన్నాడు. మరుసటి ఆషాఢంలో చాచా మళ్లీ వచ్చి స్టూలు లాక్కున్నాడు.

ఈసారి టికెట్ నేను వేరేగా వేశాను. ముందు వైపు మామూలే. వెనక వైపు, ఈ టికెట్ ధరలో షాదీఖానాకు ఇంత, కరెంటుకు ఇంత, కుర్చీకి ఇంత, మైకుకు ఇంత, పన్నుకు ఇంత, అచ్చుకు ఇంత, వాయించేవాళ్లకు ఇంత అని చిన్న అక్షరాల్లో పేర్చాను. అచ్చు దగ్గర మా పైసలు కూడా దాచకుండా వేశాను. చివర 'పాసులు లేవు' అని పెట్టాను. ప్రూఫు తీసి ఒక్కొక్కరికీ చూపించాను. షాదీఖానావాళ్లు చదువుకుని, ఊరందరి చేతుల్లో ఉంటుందని తెలిసి, కరెంటు సగం చేశారు. హోటలాయన వచ్చి, "చెల్లె, గందుల నా పేరు రాయకు" అన్నాడు. "తీస్కోకుంటే రాయనన్నా" అన్నాను. తీసుకోలేదు. మొత్తం మూడు రూపాయలైంది.

పన్నుల ఆఫీసు సారు ముద్ర వేసేముందు టికెట్ తిప్పి వెనకంతా చదివాడు. ఇంకోసారి చదివాడు. ఆయన జేబులోంచి పన్నెండు రూపాయలు తీసి బల్ల మీద పెట్టాడు. "నాలుగు టికెట్లు ఇయ్యమ్మా. సకుటుంబంగ వస్తం" అన్నాడు. అప్పుడు మాత్రం నవ్వాడు.

కచేరికి ముందు రోజు చాచా దిగులుగా వచ్చాడు. చాచికి టికెట్ కొంటానంటే వద్దంటోందట, ఎందుకో చెప్పడంలేదట. పోయినసారి అవమానం మనసులో ఉండిపోయిందేమోనని ఆయన భయం. నా భయం కూడా అదే. ఒకటో నంబరు టికెట్‌కు నేనే పైసలు కట్టి, అమ్మకుండా నా దగ్గర పెట్టుకున్నాను.

ఆదివారం మూడు కావస్తోంది. ఈసారి తలుపు ఒక్కటే, నేనొక్కదాన్నే. ఎండ కాస్తోంది. కుర్చీలు నిండాయి, మొదటి వరుసలో మొదటిది తప్ప. స్టేజీ మీద చాచా క్లారినెట్ తుడుస్తూ తలుపు వైపే చూస్తున్నాడు. అప్పుడు వచ్చింది చాచి. బురఖా కింద నారాయణపేట చీర అంచు కనబడుతోంది. చేతిరుమాలు ముడి విప్పి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. నాలుగు మడతల టికెట్, అంచులు నలిగి ఉన్నాయి, వెనక వైపు ఖాళీ. ఏడు రూపాయలది.

"చింపలే గద బిడ్డా ఇది. ఇంక చెల్లుతదా?"

తల ఊపాను. చిల్లుల గీత వెంబడి చింపి, సగం ఆమెకిచ్చాను. ఆ గీతకు నేను అప్పట్లో విడిగా పైసలు తీసుకున్నాను. బాగానే చిరిగింది. చాచి తన సగాన్ని రుమాలులో ముడి వేసుకుని, మొదటి వరుసలోకి నడిచి, ఒకటో నంబరు కుర్చీలో కూర్చుంది.